గవర్రాజు మరపుకు సర్కారు సాక్ష్యం

కోనసీమలో కురిడీ కొబ్బరికి ధర కట్టేది కన్ను కాదు, చెవి. ముదురు కాయను అటకెక్కించి నెలల తరబడి అక్కడే వదిలేస్తే లోపలి నీరు ఇగిరిపోయి, కొబ్బరి ఉండలా ఎండి, పెంకు పట్టు వదిలి, కాయను ఆడించినప్పుడు గజ్జెలో గుండు మాదిరి పలుకుతుంది. అలా పలికిందే కురిడీ. పైకి మాత్రం ఎండిన కాయా, ఎండని కాయా, లోపల కుళ్ళి గుంభనంగా కూర్చున్న కాయా ఒక్క పోలికతో ఉంటాయి. పగలగొడితే నిజం తెలుస్తుంది గాని, పగిలిన కాయను కురిడీగా కొనేవాడు లేడు. అందుచేత అక్కడి కొబ్బరి మార్కెట్టులో రాశుల నడుమ ఒక పీట వేసి, ఆ పీట మీద ఒక చెవిని కూర్చోబెట్టడం ఆచారం. ఇరవై ఏళ్ళుగా ఆ చెవి సలాది గవర్రాజుది.

చెవి అని ఊరుకోవడం ఆ అవయవానికి అన్యాయం. అది ఒక న్యాయస్థానం. రైతు ఒక వైపు, షావుకారు ఒక వైపు ఊపిరి బిగబట్టి నిలబడితే గవర్రాజు కాయను కుడిచెవి దగ్గరికి ఎత్తి, మణికట్టుతో ఒక్కసారి ఆడించి, "కురిడీ" అనో, "పచ్చి" అనో, "పోయింది" అనో తీర్పు చెప్పేవాడు. ఆ తీర్పు మీద అప్పీలు లేదు. కాయ సైతం తన గురించి తాను అంతవరకు ఎరగని సంగతి అప్పుడే తెలుసుకున్నట్టు చేతిలో బుద్ధిగా పడుకునేది.

ఇంతటి న్యాయస్థానంలోకి ఒక ముసురుపట్టిన ఉదయాన పిలవని సాక్షి ఒకడు ప్రవేశించాడు. గవర్రాజు కుడిచెవిలో "కీ" అని సన్నగా ఒక హోరు మొదలైంది. పెరట్లో ఇలకోడి పురుగు అరుస్తోందనుకుని పెరడంతా వెతికించాడు. ఇలకోడి దొరికింది గాని హోరు ఆగలేదు. అటు తరువాత ఏ కాయ ఆడించినా ముందు హోరే పలికేది, కాయ దాని వెనక నుంచి గొంతు పోయినవాడిలా ఏదో గొణిగేది. ఆ ఏడు దసరాకు ఉత్తరాదికి వెళ్ళిన లారీలో, గవర్రాజు కురిడీ అని దీవించి పంపిన కాయలు సగం దారిలోనే నీళ్ళు కార్చి తమ అసలు స్వభావం బయటపెట్టుకున్నాయి.

మార్కెట్టు పెద్దలు మర్యాదస్తులు. గవర్రాజును పీట మీద నుంచి దిగమనలేదు. కాసేపు లేచి కాళ్ళు సాగదీసుకోమన్నారు. ఆయన లేవగానే ఆయన బావమరిది అబ్బులును కూర్చోబెట్టారు. వచ్చే దసరా కొనుగోళ్ళు మొదలయ్యే రోజున బావకూ బావమరిదికీ చెరొక రాశి ఇచ్చి, తీర్పు చెప్పిన కాయల్లో కొన్నింటిని అందరి ఎదుటా పగలగొట్టి చూసి, ఎవరి చెవి నిజమైతే వారికే పీట ఖాయం చేయాలని తీర్మానించారు.

అబ్బులు చెడ్డవాడు కాదు. కాయను చెవికి ఆనించి, అవతలివాళ్ళు ఫోను ఎత్తుతారేమోనని ఎదురుచూసేవాడిలా చాలాసేపు ఉండిపోయేవాడు, అంతే.

"నీకేం బావా, బజంత్రీలకి బత్తెం ఇయ్యకుండా రోజంతా సన్నాయి ఇంటన్నావు" అన్నాడొకనాడు.

"పీట ఎలాగుందిరా?"

"పీట బానే ఉంది. కాయలే నాతో మాటాడ్డం లేదు."

ఈ సంభాషణ జరిగిన కొద్దిరోజులకే, కాకినాడలోని ప్రభుత్వ సమగ్ర శ్రవణ పునశ్శిక్షణ సంస్థవారు చెవిహోరుకు ధ్వనితో కొత్త చికిత్స ప్రయోగిస్తున్నారనీ, రోగులు కావాలనీ పత్రికలో పడింది. గవర్రాజు భార్య మంగతాయారు ఆ కాగితాన్ని మజ్జిగ గ్లాసు కింద పెట్టి భర్త ముందుంచింది. మర్నాడు ఇద్దరూ బస్సెక్కారు.

సంస్థలో వారికి మొదట ఎదురైనది మెహరున్నీసా అనే యువ వైద్యురాలు. ఆ భవనంలో రోగులతో మామూలు తెలుగులో మాట్లాడే దురలవాటు ఆమె ఒక్కదానికే ఉండేది.

"హోరు పోతుందని నేను చెప్పనండి" అందామె. "అది ఉంటుంది. కాకపోతే దాన్ని పట్టించుకోవడం మీ మనసు మానేస్తుంది. ఇంట్లో ఫ్యాను తిరుగుతూ ఉంటుంది, ఆ చప్పుడు మీరు వింటున్నారా? ఇదీ అంతే. చెవి వెనక ఈ చిన్న పరికరం పెట్టుకుంటే మెత్తగా వాన చప్పుడు వస్తుంది. దాని పక్కన హోరు అంత గట్టిగా అనిపించదు. రానురాను దాని సంగతే మర్చిపోతారు."

"మర్చిపోడం అయితే ఈయనకి పున్నశ్శిక్షణ అక్కర్లేదండి" అంది మంగతాయారు. "నేను చెప్పేవన్నీ పెళ్ళయిన కాడ్నించీ అలాగే మర్చిపోతన్నారు. ఆ లెక్కనే దీన్నీ మర్చిపోమనండి."

మెహరున్నీసా నవ్వి పరికరం అమర్చింది. చెవిలో వాన మొదలైంది. గవర్రాజుకు నెలల తరవాత ప్రాణం లేచి వచ్చినట్టయింది. అయితే ఒక్క ఇబ్బంది. వాన మొదలైన కాసేపటికి ఆయనకు విపరీతమైన ఆకలి వేసింది. వరండాలో కూర్చున్న తక్కిన రోగులకూ అంతే. క్యాంటీన్ ముందు బారు తీరిన వరుసంతా చెవి వెనక పరికరాలతోనే ఉంది.

మంగతాయారుకు అనుమానం వచ్చి భర్త పరికరం తీసి తన చెవికి పెట్టుకుంది. కళ్ళు మూసుకుని శ్రద్ధగా విన్నది.

"ఇది వాన కాదండి" అంది. "మిరపకాయ బజ్జీ. నూనె ఒక రవ్వ ఎక్కువ కాగింది."

విచారించగా నిజమే అయింది. వర్షధ్వని సరఫరాకు అందరికన్నా తక్కువకు ఒప్పుకున్న గుత్తేదారు, వర్షాకాలం దాకా ఆగే ఓపిక లేక, ఇంట్లోనే పని కానిచ్చేశాడు. ఫిర్యాదు సంస్థ అధిపతి ఆచార్య పరాంకుశం గారి సముఖానికి వెళ్ళింది. ఆయన శ్రవణశాస్త్రంలో ప్రకాండులు. సొంత ఇంట్లో పిల్లలు పిలిచినా లిఖితపూర్వకంగా పిలవమనేవారు.

"వర్షమనగా నేమి?" అని ఆయన విచారణ సాగించారు. "జలబిందువులు భూమిని తాకుట. వేపుడనగా నేమి? పిండియందలి జలబిందువులు తైలమును తాకుట. ఉభయత్రా జలబిందువులే కర్తలు. కావున ఇది వర్షమే. రోగులు క్షుధను స్వంత బాధ్యతపై అనుభవింతురు గాక."

అలా గవర్రాజు బజ్జీలు వింటూ ఇంటికి చేరాడు. వేపుడైనా, వాన అయినా, పని చేయవలసినది చేయసాగింది. కొన్ని వారాలు గడిచాక ఒక మధ్యాహ్నం ఆయన దడి మీద నుంచి పొరుగు రైతుతో కొబ్బరి గెలల దింపు గురించి వాదులాడి, గెలిచి, తిరిగి ఓడి, చివరకు సంధి చేసుకుని లోపలికి వచ్చాడు. మంచినీళ్ళు తాగుతుండగా మెరుపులా తట్టింది: భోజనం అయిన దగ్గర నుంచి ఇప్పటిదాకా హోరు సంగతే తనకు గుర్తు లేదు. గుర్తు రాగానే అది కూడా "కీ" అంటూ పలికింది గాని, ఈసారి దాని గొంతులో పూర్వపు ధీమా లేదు.

ఆయన సంతోషం పట్టలేక సంస్థకు వెళ్ళి ఆ మాట చెప్పాడు. మానవుడు చేయగల పొరపాట్లలో సంతోషాన్ని ఒక కార్యాలయానికి తెలియజేయడం పెద్దది. మెహరున్నీసా ముఖం వెలిగింది. అయితే ఆమె పక్క బల్ల దగ్గర ప్రధాన నిర్ధారణాధికారి చయనులు గారు కూర్చుని ఉన్నారు. సంస్థ సాధించిన ప్రతి ఫలితాన్నీ కంటితో చూసి, వేలితో తాకి ధ్రువీకరించడం ఆయన ఉద్యోగం. గోడకు వేసిన సున్నాన్ని ఆయన గోకి చూసే నమ్మేవారు.

"తమరు మరచితిమనుచున్నారు" అన్నారు చయనులు గారు. "సంతోషము. ఏ సమయమున మరచుట ప్రారంభించితిరి?"

"ఆ టయానికి మర్చిపోయున్నాను కదండి. ఎలా తెలుస్తాదండి?"

"మరచుచున్న క్షణమున గడియారము చూచుకొనలేదా?"

"మర్చిపోతన్నానని తెలిస్తే మర్చిపోయినట్టెలాగవుద్దండి?"

"అది వేదాంతము. వేదాంతమునకు ఈ సంస్థలో పద్దు లేదు. రోగి ఎరుగని ఫలితము, సాక్షులు లేని ఫలితము, వేళ తెలియని ఫలితము ఫలితమే కాదు. మీరు మరచినట్లు సంస్థకు రుజువు కావలెనన్న, మరచుచున్నంతసేపును ఆ సంగతిని జ్ఞాపకముంచుకొనవలెను."

"సార్, అలా అడిగితే అసలుకే మోసం" అంది మెహరున్నీసా. "పట్టించుకోకపోవడమే చికిత్స. పట్టించుకోవడం లేదు కదా అని మనం మాటిమాటికీ పట్టించుకోమంటే..."

"అడుగకయే తెలిసికొను విధానమేదైన ఉన్నచో ప్రతిపాదించుడు" అన్నారాయన. "అంతవరకు అడిగెదము."

అడగడం ప్రారంభమైంది. వేళకు అడిగే మనిషి ప్రతి ఇంటా ఉండడం అసాధ్యం గనుక ఆ ప్రశ్నను పరికరంలోనే అమర్చారు. దానికి ఆచార్య పరాంకుశం గారే స్వయంగా గళమిచ్చారు. గవర్రాజు అరుగు మీద కూర్చుని, చెవిలో బజ్జీలు చిటపటలాడుతుండగా, ఆ ప్రశాంతిలో మెల్లగా కరుగుతూ, హోరును ఇక మరిచిపోతాడనగా, బాణలిలో నుంచి లేచినట్టు ఆచార్యులవారి గంభీరస్వరం వినిపించేది. "రోగి మహాశయా. ఇప్పుడు మీకు హోరు వినిపించుచున్నదా? శ్రద్ధగా ఆలకించి చెప్పుడు. ధన్యవాదములు."

శ్రద్ధగా ఆలకిస్తే వినిపించక ఏం చేస్తుంది? వినిపించేది. కొన్నాళ్ళకు హోరు సైతం క్రమశిక్షణ నేర్చుకుని, ఆచార్యులవారు గొంతు సవరించుకోగానే హాజరు పలకడం మొదలుపెట్టింది.

ఈ సంకటాన్ని మెహరున్నీసా పైకి నివేదించింది. పరాంకుశం గారు దీర్ఘంగా ఆలోచించి, లోపం విధానంలో లేదనీ, ప్రశ్నించవలసిన వ్యక్తిలో ఉన్నదనీ గ్రహించారు. రోగిని అడిగితే గుర్తు వస్తుంది గనుక రోగి భార్యను అడగాలని ఉత్తర్వు చేశారు. దానిని అమలు జరపడానికి చయనులు గారు స్వయంగా కోనసీమ వచ్చి, గవర్రాజు ఇంటి అరుగు మీద పడక్కుర్చీలో ఆసీనులై, తలుపు చాటున నిలబడ్డ మంగతాయారును గుసగుసగా విచారించారు.

"అమ్మా, ఈ క్షణమున మీ భర్త హోరును గూర్చి తలచుచున్నాడా, లేదా?"

"ఈయన దేన్ని గురించి తలుస్తున్నారో తెలిసే విద్యే నాకుంటే బాబుగారూ, ఈపాటికి నేను బల్ల కట్టుకుని సోది చెప్పుకునేదాన్ని."

"ముఖకవళికలను బట్టి ఊహింపుడు."

మంగతాయారు తొంగి చూసింది. గవర్రాజు నోరు కొద్దిగా తెరిచి, దూలం వంక చూస్తున్నాడు.

"పులుసు గురించి" అంది.

"ఆకలియా? అది చికిత్స యొక్క పార్శ్వఫలితము" అని చయనులు గారు తృప్తిగా తల పంకించి, ఆ పులుసు సంగతి తాము కూడా భౌతికంగా నిర్ధారించుకున్నారు. రెండోసారి వడ్డించుకుని మరీ నిర్ధారించుకున్నారు.

తరవాతి ఉత్తర్వు మార్కెట్టుకు వచ్చింది. రోగి పరిసరాలలో చెవిని గాని, హోరును గాని, చప్పుళ్ళను గాని ఎవరూ ప్రస్తావించరాదు. ప్రస్తావించినచో ప్రయోగమునకు భంగము కలిగించినట్లు పరిగణింపబడును. కొబ్బరి మార్కెట్టులో చప్పుడు ప్రసక్తి లేకుండా వ్యాపారం చేయడం, చేపలబజారులో చేపల ఊసెత్తకపోవడం వంటిది. అయినా గవర్రాజు మీద గౌరవం కొద్దీ అందరూ నిష్ఠగా పాటించారు. ఆయన గేటు దాటి లోపలికి అడుగుపెట్టగానే అప్పటిదాకా గోలగా ఉన్న మార్కెట్టు హఠాత్తుగా మౌనం దాల్చేది. పదుల కొద్దీ కళ్ళు ఆయన కుడిచెవి మీద వాలి, తప్పు తెలుసుకుని ఆకాశం వైపు మళ్ళేవి. గోదాము తాళంచెవి అడగవలసి వచ్చిన అబ్బులు, ఆ మాట నోట రాక, కాసేపు సైగలు చేసి, చివరికి బావ మనసు నొప్పించడం కన్నా తలుపు పగలగొట్టడం మేలని ఆ పని చేయించాడు.

ఆ మౌనంలో, ఆ చూపుల నడుమ, గవర్రాజు చెవి మునుపెన్నడూ లేనంత ఘనంగా మోగింది.

"ఒరే అబ్బులూ, ఏదో ఒకటి మాట్లాడండ్రా" అన్నాడాయన బతిమాలుతూ.

"దేని గురించి బావా?"

"దేని గురించైనా."

అబ్బులు బుర్ర గోక్కుని, అనుమతించదగిన విషయం కోసం చాలాసేపు వెతికి, "ఎండగా ఉంది" అన్నాడు. బయట వాన పడుతోంది. వాన అన్నది కూడా చప్పుడే కదా అని జాగ్రత్త పడ్డాడు.

దసరా దగ్గర పడుతోంది. గవర్రాజు పరికరం తీసి మెహరున్నీసా చేతిలో పెట్టి, "అమ్మా, ఇంక నన్నొదిలెయ్యండి. నా మానాన నేను మోగుతాను" అన్నాడు. ఆమె పరికరాన్ని బల్ల మీద పెట్టింది. "మీకు నిజంగానే తగ్గిందండి. ఆ మధ్యాహ్నం తగ్గింది. మేము తగ్గనివ్వలేదు" అంది. అయితే ప్రయోగం నుంచి తప్పుకోవాలంటే తగ్గినట్టో, తగ్గనట్టో సంస్థ తేల్చాలి. తేల్చడానికి పరాంకుశం గారు అప్పటికే మహత్తరమైన ఏర్పాటు ఒకటి పూర్తి చేశారు. దాని పేరు నిశ్శబ్ద మందిరం.

చీమ చిటుక్కుమన్నా బయటికి పోని, బయట పిడుగు పడినా లోపలికి రాని గది అది. దానిని బ్యాండుమేళంతో, తారాజువ్వలతో, వక్తల సుదీర్ఘ ప్రసంగాలతో ప్రారంభించారు. ప్రారంభోత్సవ గోల సద్దుమణిగాక, గవర్రాజును, చయనులు గారిని లోపల ఎదురెదురుగా కూర్చోబెట్టి తలుపు మూశారు. రోగి చెవిలో హోరన్నది ఉన్నచో ఇంతటి నిశ్శబ్దంలో అది అధికారికి వినిపించకపోదని సిద్ధాంతం.

చయనులు గారు రోగి కుడిచెవికి తన ఎడమచెవిని చేరువగా పెట్టి, ఊపిరి కూడా వాయిదాల మీద తీసుకుంటూ ఆలకించారు. మొదట ఏమీ లేదు. తరవాతా ఏమీ లేదు. అటు పిమ్మట, ఎక్కడో దూరాన, "కీ" అని సన్నగా మొదలైంది. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. తలుపు తీయించుకుని బయటికి వచ్చి, గోడ పట్టుకుని, "వింటిని" అన్నారు.

పరాంకుశం గారు స్వయంగా లోపలికి వెళ్ళారు. వారూ విన్నారు. ఉద్యోగపు హోదాకు తగ్గట్టు వారికి కొంచెం బిగ్గరగా కూడా వినిపించింది.

"సార్, ఆ గదిలో కూర్చుంటే దాదాపు ఎవరికైనా ఏదో ఒకటి మోగుతుంది" అంది మెహరున్నీసా. "మీరు విన్నది ఆయనది కాదు. మీదే."

"నాదెట్లగును?" అన్నారు పరాంకుశం గారు నొచ్చుకుని. "నా సేవాకాలమంతటిలో నాకు ఎన్నడును అట్టిది మంజూరు కాలేదు."

ఆ విధంగా, ఇద్దరు బాధ్యులైన అధికారులు స్వకర్ణాలతో విన్నందున గవర్రాజు హోరు ప్రభుత్వపరంగా ధ్రువపడింది. ధ్రువపడిన హోరు సంస్థ అనుమతి లేనిదే తగ్గరాదని షరతు కూడా చేర్చారు. ఇంతటి ఘనవిజయాన్ని ఇద్దరికే పరిమితం చేయడం అన్యాయమని తక్కిన సిబ్బందినీ హోదాల వారీగా మందిరంలోకి పంపారు. అందరూ విన్నారు. వినలేదని చెప్పిన గుమాస్తాను మరికొంతసేపు లోపలే ఉంచగా అతడూ విన్నాడు.

కథ అంతటితో ముగిసి ఉంటే ఆ సంస్థ చరిత్రలో అది సువర్ణాధ్యాయమయ్యేది. కాని తలుపు తీసి బయటికి వచ్చినా, ఇంటికి వెళ్ళినా, చయనులు గారి చెవిలో అది ఆగలేదు. అసలు నిర్ధారించడమే వృత్తిగా గలవారు. ఉందా లేదా అని అనుక్షణం తనిఖీ చేసుకున్నారు, ప్రతి తనిఖీలోనూ ఉన్నట్టు రుజువైంది. పరాంకుశం గారి స్థితి మరీ దయనీయం. ఆయనకు హోరుతో పాటు, పరికరంలో తాము పలికిన ప్రశ్న కూడా తమ గొంతుతోనే వినిపించసాగింది. వారం తిరిగేసరికి సిబ్బంది అంతా చెవి వెనక బజ్జీలతో క్యాంటీన్ ముందు బారు తీరారు.

అత్యవసర సమావేశం జరిగింది. అది ఎవరి హోరు అన్నది ప్రశ్న. గవర్రాజుదేనని రికార్డు స్పష్టంగా ఘోషిస్తున్నది. ఒక ప్రైవేటు వ్యక్తికి చెందిన హోరు ప్రభుత్వ సిబ్బంది చెవులలో అనుమతి లేకుండా నిలిచి ఉండడం ఆక్రమణ కిందికి వస్తుంది. కావున సదరు రోగి తన హోరును వెంటనే వాపసు తీసుకోవలసిందని నోటీసు తయారైంది. దానిని అందజేయడానికి చయనులు గారిని నియోగించారు. మెహరున్నీసాను తోడు పంపారు. దారిలో అవసరమైతే హోరును పట్టుకోవడానికి.

వారి జీపు మార్కెట్టు చేరిన రోజే దసరా కొనుగోళ్ళు మొదలైన రోజు.

అప్పటికి పరీక్ష సిద్ధమై ఉంది. రాశి ఒకటి అబ్బులు ముందు, రాశి ఒకటి గవర్రాజు ముందు. నడుమ ఖాళీ పీట. పగలగొట్టేవాడు కత్తి పట్టుకుని నిలుచున్నాడు. చుట్టూ రైతులూ, షావుకార్లూ, ఉత్తరాది నుంచి వచ్చిన కొనుగోలుదార్లూ. సీజను మొదటిరోజు అందరికీ తీపి పంచడం గవర్రాజు ఇంటి రివాజు. కొబ్బరి లౌజు గిన్నె పట్టుకుని మంగతాయారు గోదాము మెట్టు మీద కూర్చుంది. ఎవరూ మాట్లాడడం లేదు. ఉత్తర్వు ఇంకా అమలులోనే ఉంది. అదీ ఒక నిశ్శబ్ద మందిరమే, పైకప్పు ఒక్కటే తక్కువ.

గవర్రాజు మొదటి కాయ ఎత్తి ఆడించాడు. హోరు తప్ప ఏమీ వినపడలేదు. మళ్ళీ ఆడించాడు. ఏదో ఒకటి అనేసి ముందుకు పోవచ్చు, కాని ఇరవై ఏళ్ళ పీట మీద అబద్ధం పలికిన నోరు అది కాదు. కాయను దించి ఒళ్ళో పెట్టుకున్నాడు. అబ్బులు తన కాయను పక్కన పెట్టేసి, తానే పరీక్ష తప్పినంత దిగులుగా బావ వంక చూశాడు.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ చయనులు గారు వచ్చారు. గడ్డం మాసి ఉంది. కళ్ళు లోతుకుపోయాయి. నోటీసు విప్పి చదవడం ప్రారంభించారు. "ప్రభుత్వ సిబ్బందియందు నిలిచియున్న తమ హోరును తాము తక్షణమే..." అక్కడితో చదవడం ఆపేశారు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, గవర్రాజు ఎదుట గోనెసంచి మీద కూలబడ్డారు.

"గవర్రాజుగారూ" అన్నారు, ఆ వాక్యంలో ఒక్క 'వలెను' కూడా లేకుండా. "దీన్ని తీసేసుకోండి. మీకు పుణ్యముంటుంది. నావల్ల కావడం లేదు."

గవర్రాజు ఆ మనిషిని ఎగాదిగా చూశాడు. కోపం రావలసింది. కాని ఆయన కోనసీమ మనిషి; గుమ్మంలోకి వచ్చి బాధపడేవాడిని చూస్తే ముందు కూర్చోబెట్టడమే తెలుసు.

"ఏ చెవండి?" అన్నాడు.

"ఎడమది."

"ఈలలాగుంటాదా, ఈగలాగుంటాదా?"

"ఈగ. కాని ఎగరదు. ఉన్నచోటే ఉంటుంది."

"ఆయ్, నాకు ముందు ఈలండి. ఈగ అయితే నయం. మీరు దాన్ని పట్టుకుని చూడకండి. అదే తప్పు. పొద్దుటే లేవగానే ఉందా అని చూసుకుంటన్నారా?"

"లేవక ముందే చూసుకుంటున్నానండి."

"మరదే. పని చూసుకోండి. ఏదో ఒక పని." అంటూ ఆయన చెయ్యి అలవాటు కొద్దీ ఒళ్ళోని కాయను ఎత్తింది, ఆడించింది, "కురిడీ" అని ఎడమ వైపు పెట్టింది. "మా ఆవిడతో కాసేపు దెబ్బలాడుతుంటానండి నేను. అది బాగా పనిచేస్తాది." ఇంకో కాయ. "పచ్చి."

"నా భార్య పుట్టింటికి వెళ్ళిందండి. నేను రోజూ ఆవిడ చెవి దగ్గర చెవి పెట్టి, నీకూ వినిపిస్తున్నదా అని అడుగుతున్నానని."

మార్కెట్టులో ఎవడో ఫక్కున నవ్వాడు. ఆ నవ్వుతో ఉత్తర్వు గంగలో కలిసింది. ఉత్తర్వు వచ్చిన నాటి నుంచి దిగమింగుకున్న చెవులన్నీ ఒక్కసారి నోళ్ళలోకి వచ్చాయి. ఒక షావుకారు తన చెవిలో ఎన్నాళ్ళనుంచో మిల్లు తిరుగుతోందని చెప్పుకున్నాడు. చెట్లెక్కి కాయలు దింపే మనిషి ఒకడు తనకు సముద్రమని చెప్పాడు. ఉత్తరాది కొనుగోలుదారు, భాష రాకపోయినా, తన చెవిని చూపించి రైలు కూత కూసి వినిపించాడు. గవర్రాజు ప్రతివాడి హోరూ వాకబు చేస్తూ, వాడికొక సలహా, వీడికొక వేళాకోళం విసురుతూ ఉన్నాడు. ఆయన చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. "కురిడీ... మీది కుడిచెవాండి? ... కురిడీ... ఆ నూనె పొయ్యకండి, ఉన్న చెవి పోద్ది... పోయింది... మీది కాదండి, కాయ."

రాశి అయిపోయింది. పగలగొట్టేవాడు కత్తి ఎత్తాడు. గవర్రాజు కురిడీ అన్నది కురిడీ. పచ్చి అన్నది నీళ్ళు చిమ్మింది. పోయింది అన్నది పోయిందని నలుగురూ ముక్కులు మూసుకుని ఒప్పుకున్నారు. తన రాశిలో మూడోవంతైనా తేల్చని అబ్బులు లేచి వచ్చి, పీటను తన పైపంచెతో తుడిచాడు.

"ఎక్కు బావా" అన్నాడు. "మొన్నొకడు దీని మీదున్న నన్ను పట్టుకుని, అబ్బులుగారూ, కాయ పచ్చిదా అని అడిగితే, తెలీదండి, అడిగి చెబుతానన్నాను."

గవర్రాజు పీట ఎక్కి కూర్చున్నాడు. తరవాతి రైతు కాయలబస్తా విప్పాడు.

చయనులు గారు గోనెసంచి మీద నుంచి ఆయననే చూస్తున్నారు, ఆశగా చూస్తున్నారు.

"మరి మీకెప్పుడు తగ్గిందండీ?" అని అడిగారు.

గవర్రాజు అప్పుడే ఒక కాయ చెవి దగ్గరికి ఎత్తాడు. సగంలో ఆపి, ఈ అధికారి దేని గురించి మాట్లాడుతున్నాడా అని తలతిప్పి చూశాడు.

"ఏదండి?" అన్నాడు.

చయనులు గారిలో నిర్ధారణాధికారి దిగ్గున లేచి కూర్చున్నాడు. సంస్థ చరిత్రలో మొట్టమొదటిసారి మరపు ఒకటి, మార్కెట్టు నిండా సాక్షులతో, ఆయన కళ్ళ ఎదుట పచ్చిగా పట్టుబడింది. ఆయన ముంజేతి గడియారం చూసుకున్నారు. వేళ ప్రకటించడానికి నోరు తెరిచారు.

మెహరున్నీసా కళ్ళతో సైగ చేసింది. మంగతాయారు మెట్టు దిగి వచ్చి, తెరిచిన ఆ నోట్లో నిమ్మకాయంత కొబ్బరి లౌజుండ పెట్టింది.

అది బెల్లం పాకం బాగా ముదిరిన లౌజు. చయనులు గారు చాలాసేపు నమలవలసి వచ్చింది. నమిలినంతసేపూ ఆయనకు హోరు వినిపించలేదు. అదృష్టవశాత్తు ఆ సంగతి ఆయనను ఎవరూ అడగలేదు.